పెట్టె మీద అరచెయ్యి

మా గడి, దొరల కోటలాంటి ఇల్లు, కూలిపోయాక నేను హాలియాలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు పని చూసుకుంటున్న రోజులవి. అక్కడి కంప్యూటర్ల బాధ్యత ఒకాయనది. హుజూర్‌నగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. అందరం భాయ్ అనేవాళ్లం. రాగానే ఫైర్‌వాల్ పెట్టె మీద, జ్వరం చూసినట్టు, అరచెయ్యి పెట్టేవాడు. బయటి నెట్ నుంచి కాలేజీని కాచేది ఆ పెట్టె ఒక్కటే.

ఆన్‌లైన్ పరీక్షలు దగ్గరపడ్డాయి. ప్రిన్సిపాల్ ఆయన్ని నేనున్న ఆఫీసులోకి పిలిచాడు.

"భాయ్, మన వెబ్‌సైటు, కెమెరాల రికార్డింగు గూడ గా పెట్టెలనే నడిపియ్యి. ఖాళీగనే ఉంటది గద, కొత్త మిషన్ ఎందుకు?"

"కావలోడు ఖాళీగనే కనవడ్తడు సార్. పరీక్ష నడుమ బరువెక్కి పెట్టె ఆగితే పిల్లల ఏడాది పోతది."

"నీకు అన్నిటికీ ఫికరే!"

భాయ్ నా వైపు తిరిగాడు. "దొరా, మీరు చెప్పుండ్రి. మీ గడిల కావలోడు ఏం పని జేస్తుండె?"

గడి సంగతి నేను ఎవరి ముందూ ఎత్తను. ఆ రోజు మాత్రం నిటారుగా కూర్చునే చెప్పాను.

"నౌకర్లందరు పోయినంక వంట, నీళ్లు, పశువులు, అన్నీ ఆయనే చూసిండు."

"మరి దర్వాజ కాడ?"

"ఎవ్వరు లేకుండె."

ప్రిన్సిపాల్ ఆ సాయంత్రమే కొత్త మిషన్ తెమ్మన్నాడు.

పరీక్షల పొద్దున భాయ్ నా చెయ్యి పట్టుకుని పెట్టె మీద పెట్టాడు. "జర చూడుండ్రి దొరా, సల్లగుంది."

నన్ను దొరా అని పిలిచిన చివరి మనిషి ఆయనే. కూలిపోయిన మా గడి ఒకరి అక్కరకు రావడం నేను చూసింది ఆ ఒక్కసారే.