మా గేదె, పెంగ్విన్లు, అత్తగారి గొంతు

ఆ రోజుల్లో ఎవరైనా తిడితే ముఖం ముడుచుకోవడమే తెలుసు గాని, తిట్లకీ ఓ ఉపయోగం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన కాలం. మగ్గాల ఇంట్లో పుట్టి, ఐదో తరగతితో చదువు ఆపేసిన నేను పంతొమ్మిదేళ్ళకి భవానీపురంలో కోడలిగా అడుగుపెట్టాను. మా అత్తగారికి ప్రాణం ఒక గేదె. పక్కనే లారీ హారన్ కొట్టినా, దొడ్డి గోడకి కొత్తగా సున్నం వేసినా అది చెవి కదిపేది కాదు. "దీనికి చుట్టూ ఏం జరుగుతోందో తెలుస్తుందా అత్తయ్యా?" అని అడిగితే, "నీకంటే నయంలే" అనేవారు.

ఓసారి ఆవిడ కూతుర్ని చూడటానికి ఇబ్రహీంపట్నం వెళ్తూ, "రెండు పూటలేగా, పితకలేవూ? చాచీ మనవడికి పాలు మాత్రం తప్పకూడదు" అని చెంబు నా చేతిలో పెట్టారు. చాచీ అంటే పక్కింటావిడ. ఏడాది నిండిన ఆ మనవడు మా గేదె పాలు తప్ప వేరేవి ముట్టడు. సాయంత్రం దూడని విడిచాను, తవుడు పెట్టాను, పొదుగు నిమిరాను. చేపితే ఒట్టు! పాలన్నీ లోపలే బిగబట్టుకుంది. ఇంటర్ చదివే మా మరిది సలహా మీద అత్తగారి చీర కట్టుకెళ్ళాను. గేదె చీరని వాసన చూసి, నన్నూ వాసన చూసి, ముఖం తిప్పుకుని చెంబుని ఒక్క తన్ను తన్నింది. గిన్నెతో నిలబడ్డ చాచీ, "పర్లేదులేమ్మా, ఈ పూటకి జావ పట్టిస్తా. పొద్దున్నకైనా చూడు" అంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

దిగులుగా చాచీ వాళ్ళింట్లో టీవీ ముందు కూలబడ్డాం. మంచు మీద వేల పెంగ్విన్లు, అన్నీ ఒకే అచ్చు. సముద్రం నుంచి వచ్చిన తల్లి ఒకటి అరిచింది. అంత గోలలోనూ దాని పిల్ల ఒక్కటే తల ఎత్తింది. "చూపుతో కాదంట వదినా, గొంతుతో పట్టేస్తాయంట" అన్నాడు మరిది. నాకు చటుక్కున తట్టింది. గేదెకి కావలసింది చీర కాదు, గొంతు! మరి పితికేటప్పుడు అత్తగారు ఏమంటారు? పాటలా, ముద్దుమాటలా? రోజూ ఆ వేళకి ఆవిడ తిట్టేది నన్నే!

తెల్లారగానే గొంతు బొంగురు చేసుకుని అందుకున్నాను. "ఇంకా లేవలేదా మహారాణి? ముగ్గు చూడు, కోడి గీరినట్టు!" గేదె చెవులు నిక్కబొడిచింది. "పులుసులో ఉప్పు లేదు, మనిషికి బుర్ర లేదు!" జుయ్యిమంటూ పాలు. నాకు ఊపొచ్చింది. చెంబు సగం నిండేసరికి అత్తగారి తిట్లు అయిపోయాయి. ఇక ఆవిడకి తెలియని తప్పులు ఎత్తుకున్నాను. "మాగాయ జాడీ పగలగొట్టి, పెంకులు గడ్డివామి వెనక దాస్తావా?"

"ఏ జాడీ?" అంది వెనక నుంచి అదే గొంతు.

మొదటి బస్సుకే వచ్చేసిన అత్తగారు! పక్కన చాచీ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"అంత గయ్యాళిగా ఉంటుందా నా గొంతు?"

"లేదత్తయ్యా, నాకే సరిగ్గా రాలేదు."

"ఎందుకు రాలేదూ? నువ్వే వచ్చేశావనుకుని గిన్నె పట్టుకొచ్చా వదినా!" అంది చాచీ.

అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. మర్నాడు గేదె దగ్గర కూర్చుని, "లేచావా తల్లీ, ముగ్గు బాగుందమ్మా" అని నాతో మెత్తగా మొదలుపెట్టారు. గేదె చేపలేదు. కాసేపు చూసి, నా వైపు తిరిగి, "ఏమనుకోకే, పసివాడి పాల కోసం" అని, "ఏమే మహారాణీ!" అని అందుకున్నారు. ఆ తర్వాత ఆ తిట్లు నాకు గుచ్చుకోలేదు. (జాడీకి మాత్రం గేదెతో పనిలేకుండా విడిగా తిట్టారు.)

ఇప్పుడు గేదె లేదు, అత్తగారూ లేరు. ప్యాకెట్ కత్తిరిస్తే పాలొస్తాయి, ఎవరినీ ఏమీ అనక్కర్లేదు. అయినా మొన్న ముగ్గు వంకరపోతే, అలవాటుగా ఆ బొంగురు గొంతుతో "కోడి గీరినట్టు!" అని నన్ను నేనే అనుకున్నాను. చుట్టపుచూపుగా వచ్చి వరండాలో పేపరు చదువుకుంటున్న మరిది, జుట్టంతా నెరిసిన మనిషి, గభాలున తల ఎత్తి "అమ్మా?" అన్నాడు.

పోనీలే, ఇన్నాళ్ళకి నాకు సరిగ్గా వచ్చింది.