నాకు కనబడని ఎత్తు

పోయిన చలికాలం అమెరికాలోని నోవైలో మా ఫ్రెండ్ వాళ్ల బాబు బర్త్‌డే పార్టీకి వెళ్లాం. పిల్లలతో చెస్ ఆడడానికి ఎవరినో పిలిచారు. చూస్తే మా రఘు! విజయవాడలో ఇద్దరం కలిసి టోర్నమెంట్లు ఆడేవాళ్లం. ఇంజినీరింగ్‌లో చేరాక నేను మానేశాను, వాడు మానలేదు. ప్రైజ్ డబ్బులు హోటల్ ఖర్చుకే చాలక ఇలా పార్టీలకీ వస్తున్నాడట. జాలి పడాల్సింది పోయి, ఇంకా ఆడుతున్నాడే అని నాకు మండింది.

వాడు బల్లల చుట్టూ తిరుగుతూ అందరితో ఒకేసారి ఆడుతున్నాడు. ఎలాగైనా ఓడించాలని నేనూ ఒక బోర్డు ముందు కూర్చున్నాను. పిల్లలంతా ఓడిపోయారు. నేనొక్కడినే మిగిలాను, అదీ గెలిచేలా ఉన్నాను! తొందరపడి మంత్రిని జరిపాను. కాసేపటికే చెక్‌మేట్. "అంకుల్ కూడా ఓడిపోయాడు!" అని పిల్లలు ఒకటే అరుపులు.

రఘు కుర్చీ లాక్కుని కూర్చుని, పావుల్ని మళ్లీ వెనకటి చోట్లలో పెట్టాడు. "ఒరేయ్, ఇక్కడ గుర్రం వేసుంటే నా పని అయిపోయేది. ఎంత బాగుందో చూడరా!" అన్నాడు. తనని ఓడించే ఎత్తు చూసి వాడి మొహం వెలిగిపోతోంది. కేక్ కట్ చేస్తున్నాం రమ్మన్నా వినిపించుకోలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా మొహం ఒక్కరోజైనా అలా వెలిగిందా?

తిరిగొచ్చేటప్పుడు కార్లో మా ఆవిడ, "పాపం, మిమ్మల్ని చూసి ఎంత కుళ్లుకున్నాడో" అంది.

కుళ్లుకున్నది ఎవరో ఆవిడకి నేను రాసిన ఈ పేజీ చదివాకే తెలుస్తుంది.