పరస్థానం పెట్టిన బ్యాగు

ఎం.టెక్‌లో చేరడానికి ఇంట్లోంచి బయల్దేరిన మొదటి రోజు నేను వెళ్లిన దూరం ఒక పంట కాలువ వెడల్పు. కాలువకి ఒక పక్క మా ఇల్లు, రెండో పక్క మా మేనత్త ఇల్లు, మధ్యలో తూముల మీద కట్టిన చిన్న వంతెన. మండపేట మీదుగా రాజమండ్రి వెళ్లే రోడ్డు అత్త ఇంటి వైపే ఉంది కాబట్టి, లెక్క ప్రకారం అది సరైన దిశే.

నాకు సీటు వచ్చిన చోటు దేశానికి ఆ చివర, మంచు కొండల కింద. అంతకు ముందు రెండేళ్లు మండపేటలో ఒక రైస్ మిల్లులో పని చేశాను. బియ్యంలో రంగు మారిన గింజల్ని కెమెరాతో పట్టి గాలితో తన్నేసే యంత్రం ఒకటి ఉంటుంది, దాన్ని చూసుకోవడం నా ఉద్యోగం. పగలు ఆ పని, మిగతా వేళ ప్రవేశ పరీక్షకి చదువు. రెండోసారికి ర్యాంకు వచ్చింది. నాన్న కాదనలేదు, ఒక్క షరతు పెట్టారు.

“మంచి రోజు చూసే పంపిస్తాను. కుదరకపోతే వచ్చే ఏడు చూసుకుందాం.”

మా చిన్నాన్న ఒకప్పుడు ఎవరి మాటా వినకుండా చెడ్డ రోజున సూరత్ వెళ్లి, నెల తిరక్కుండా కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో పంచాంగంతో వాదించేవాళ్లు లేరు. నాకు మాత్రం వచ్చే ఏడు అంటే సీటు పోవడం. చేరాల్సిన తేదీ వాళ్లు మార్చరు. మిల్లులో నా చోట అప్పటికే వేరే కుర్రాడు చేరాడు.

చిక్కు రైలు దగ్గర వచ్చింది. అటువైపు నేరుగా వెళ్లే రైలు వారానికి ఒక్కటే, మంగళవారం. మంగళవారం ఉత్తరానికి వారశూల, ఆ రోజు అటు ప్రయాణం కట్టకూడదు. రైళ్లు మారి వెళ్దామన్నా మిగతా రోజులకి తిథో నక్షత్రమో అడ్డొచ్చింది. సిద్ధాంతి గారు వేలి కణుపుల మీద లెక్కపెట్టి, ముందు వారం గురువారం బాగుందండి, ఆ రోజు పరస్థానం పెట్టేయండి, అన్నారు. ప్రయాణం నాటికి మంచి ముహూర్తం లేకపోతే, ఉన్న ముహూర్తానికి మన వస్తువు ఒకటి వేరే వాళ్లింట్లో పెడతారు. దాంతో మనం బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. అయితే పెట్టినది మళ్లీ మన గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వస్తే ప్రయాణం చెడినట్టు.

“ఒక చొక్కా, గుప్పెడు బియ్యం చాలండి” అన్నారాయన.

నాకు సగం పని చేతకాదు. అప్పటికే సర్దడం పూర్తయింది. సర్టిఫికెట్లు, వాటి జిరాక్సులు, ల్యాప్‌టాప్, చార్జరు, దుప్పటి, ఆవకాయ సీసా, ఇంజనీరింగ్ మొదటి ఏడు కొనుక్కున్న పానాల పెట్టె. “అక్కడ పానాలివ్వరేంట్రా?” అని అమ్మ నవ్వింది. ఇస్తారు, కానీ ఇవి నావి. చొక్కా ఒక్కటి పంపిస్తే బ్యాగులో వరస చెడుతుందని మొత్తం బ్యాగునే గురువారం పొద్దున్న మోసుకెళ్లి అత్త ఇంట్లో పెట్టి, చేతులు దులుపుకుని వచ్చాను.

సాయంత్రం సంస్థ నుంచి మెయిలు వచ్చింది. రెండు కాగితాలు సరిగా కనబడట్లేదు, మళ్లీ పంపమని. కాగితాలూ ల్యాప్‌టాపూ కాలువ అవతల ఉన్నాయి. తెచ్చుకుందామని వెళ్తే అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఇక్కడే కూర్చుని చేసుకో. వంతెన దాటించావంటే ఊరుకోను.”

స్కానింగ్ అయ్యేసరికి చీకటి పడింది, వాన పట్టుకుంది. అక్కడే తిని అక్కడే పడుకున్నాను. పొద్దున్నే ఇంటికి బయల్దేరితే అమ్మ వంతెన మొదట్లోనే చెయ్యి చూపించి ఆపేసింది.

“రాత్రి అక్కడ పడుకున్నావు. బ్యాగుతో పాటు నువ్వూ బయల్దేరినట్టే. గుమ్మం తొక్కకు.”

“తొక్కితే ఏవవుద్ది?”

“మీ నాన్న టిక్కెట్టు చింపేస్తారు.”

“అది ఫోన్లో ఉందమ్మా.”

“ఫోనే పగలగొడతారు. వెళ్లు, ఇడ్లీ పట్టుకొస్తాను.”

అలా నేను మా ఇంటి ఎదురుగా ఇరుక్కుపోయాను. అత్త ఇంటి అరుగు మీద ఎడమ చివర కూర్చుంటే మా వైఫై ఒక గీత అందేది. ఆ గీత కోసం రోజంతా అక్కడే ఉండేవాణ్ణి. ఎదురుగా మా పెరట్లో తీగ మీద నా పాత లుంగీ ఆరుతుండేది. మా వీధి కుక్క వంతెన మీద అటూ ఇటూ తిరిగేది. అమ్మ క్యారేజీతో వచ్చి, పెట్టి, ఖాళీ గిన్నెలు పట్టుకుని వెళ్లిపోయేది. గిన్నెలకి ఆంక్షల్లేవు. వెళ్తే సీటు, దాటితే ఇల్లు. రెండూ కనబడుతున్నాయి, రెంటికీ కదల్లేను. మిల్లు వైపు వెళ్లేవాళ్లు ఆగి పలకరించేవాళ్లు.

“ఏవండీ, వెళ్లిపోయారన్నారు?”

“వెళ్లాడండి. ప్రస్తుతానికి ఇక్కడిదాకా వచ్చాడు” అనేది అత్త, లోపల్నుంచే.

నవ్వాల్సి వచ్చేది. శనివారానికి ఆ నవ్వు కూడా అరిగిపోయింది. అత్త రెండుసార్లు ఒకే టీవీ సీరియల్ చూపించింది. నేను బ్యాగు తీసి మళ్లీ అదే వరసలో సర్దాను. ఇంక చేయడానికేమీ లేదు.

ఆదివారమంతా కురిసింది. సోమవారం పొద్దున్నకి వానాకాలం సార్వా పంట కోసం పోసిన మా నారుమడి మునిగిందని అమ్మ చెప్పింది. నారుమడి మా ఇంటి వైపు కాదు, ఇటు, రోడ్డు పక్క పొలంలో ఉంది. నీళ్లు నిలిస్తే నారు కుళ్లిపోతుంది, అది పోతే ఊడ్పులకి కొనుక్కోవడానికి కూడా ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరా మిగలదు. నాన్న ఇంజను పెట్టి తోడుతున్నారు. అరుగు మీదికి ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. తొమ్మిదింటికి అది దగ్గి, ఆగిపోయింది. మళ్లీ లేవలేదు.

నాకక్కడి నుంచే అర్థమైంది. డీజిల్ అయిపోయేదాకా నడిపేశారు, పైపులో గాలి పట్టేసింది. అలాంటప్పుడు ఆయిల్ పంపు దగ్గర బోల్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిల్ కారనిచ్చి, మళ్లీ బిగించి హ్యాండిల్ తిప్పాలి. దానికి పద్నాలుగో నంబరు పానా కావాలి. నాన్న పానా నోరు అరిగిపోయి బోల్టు మీద జారిపోతుంది.

కాసేపటికి ఆయనే వచ్చారు. నెత్తిన మడిచి కప్పుకున్న గోనెసంచి, మోకాళ్ల దాకా బురద. అరుగెక్కలేదు.

“అక్కా, వీడి పానాల పెట్టె కావాలి.”

“బ్యాగులో ఉంది కదరా.”

“తెలుసు.”

“పరస్థానం పెట్టింది కదల్చకూడదని ఎవరన్నారు?”

“నేనే అన్నాను.”

“వచ్చే ఏడు చూసుకుందాం అని కూడా అన్నావు.”

నాన్న సంచి అంచు నుంచి కారుతున్న నీళ్లు తుడుచుకున్నారు. నా వైపు చూడలేదు. నేనేం అడుగుతానో అని భయపడినట్టున్నారు.

“నేనొస్తాను నాన్నా. ఇంట్లోకి రావట్లేదు కదా, పొలంలోకే. పొలం ఇల్లు కాదు.”

“పొలం ఇల్లు కాకపోతే ఇంకేంట్రా?” అన్నారు. కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగారు.

అత్త చీపురు పక్కన పెట్టింది.

“ఒరేయ్ తమ్ముడూ. పొలం రోడ్డు పక్కే. రోడ్డు రాజమండ్రికే. వీడు బ్యాగు తగిలించుకుని రైలుకి బయల్దేరతాడు. దారిలో ఓ చోట ఆగుతాడు. దారిలో ఆగకూడదని సిద్ధాంతి గారు చెప్పారా?”

“చెప్పలేదు.”

“అయితే ఆగుతాడు. కానీ ఒరేయ్ అబ్బాయ్, వెనక్కి మళ్లకూడదు. మీ ఇంటికే కాదు, ఇక్కడికి కూడా.”

“రైలు రేపు కదత్తా.”

“స్టేషన్లో బెంచీలు లేవా?”

అంతే, తేలిపోయింది. నేను బూట్లు చేత్తో పట్టుకుని బ్యాగు వీపున వేసుకున్నాను. దాని మీద అత్త ఎరువుల సంచి కప్పింది. అమ్మ వంతెన మీదికి పరుగెత్తుకొచ్చి రెయిలింగ్ దగ్గర ఆగింది.

“పులిహోర రేపు కదరా చేద్దామనుకున్నాను” అంది.

పొలంలో బ్యాగు దించలేదు. దించితే ఏమవుతుందో ఎవరం అడగలేదు. వంగితే ల్యాప్‌టాప్ మెడకి కొట్టుకుంటోంది. నాన్న జిప్పు తీసి పెట్టె పైకి లాగి, పద్నాలుగు నా చేతికిచ్చారు. బోల్టు వదులు చేశాను. ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత సన్నటి డీజిల్ ధార. బిగించాను. నాన్న హ్యాండిల్ తిప్పారు. మూడోసారికి ఇంజను అందుకుంది, గొట్టంలోంచి ఎర్రనీళ్లు మురుగు కాలువలోకి దూకాయి. ఆ చప్పుడులో నాన్న ఏదో అన్నారు. వినబడక దగ్గరికి వెళ్లాను.

“బస్సొస్తోంది” అన్నారు.

గట్టెక్కి చెయ్యెత్తాను. నా కాళ్లు చూసి కండక్టరు ముందు సీట్లో కూర్చోనివ్వలేదు.

రాజమండ్రి స్టేషన్లో మర్నాటి దాకా కూర్చున్నాను. వరసగా వచ్చిన ప్రతి పాసింజరూ మా ఊరి వైపు వెళ్లేదే అనిపించింది. గంట ప్రయాణంలో ఇల్లుంది, వెళ్లడానికి లేదు. ఆ తర్వాత రైలు, ఆ తర్వాత మెలికల దారిలో బస్సు, ఆఖరికి హాస్టల్. గదిలో ఇంకో ఇద్దరు, వాళ్ల భాష వేరు. కిటికీ నిండా కొండే. నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియని చోట నేనెప్పుడూ ఉండలేదు. అత్త అరుగు కన్నా ఆ గది పెద్దది, అయినా ఊపిరాడలేదు. బ్యాగు మంచం కింద అలాగే ఉంచి, కావలసినప్పుడల్లా జిప్పు సగం తీసి వాడుకున్నాను.

ఓ ఆదివారం తెగించి మొత్తం విప్పాను. పానాల పెట్టెలో ఒక గాడి ఖాళీగా ఉంది. ఇంటికి ఫోన్ చేశాను. నారు చాలావరకు బతికిందని ముందే చెప్పారు నాన్న.

“పద్నాలుగు కనబడట్లేదు నాన్నా.”

“ఇంజను మీదే ఉంది.”

“ఇన్నాళ్లూ వానలోనా? ఇంట్లో పెట్టలేకపోయారా?”

“ఎలా పెడతాను? పరస్థానం పెట్టింది కదా. నువ్వు చేరేదాకా గుమ్మం దాటించకూడదు. గ్రీజు రాసి గోనె చుట్టాను.”

“నేను వచ్చి ఎన్నాళ్లయిందో తెలుసు కదండీ.”

“వెళ్లావని తెలుసు. చేరానని నువ్వెప్పుడూ అన్లేదు.”

మంచం మీద నా సామానంతా పరిచి ఉంది. బ్యాగు బోర్లా పడి ఉంది. కిటికీలో కొండ ఉన్నచోటే ఉంది.

“చేరాను నాన్నా” అన్నాను.

“సరే, తెచ్చేస్తాను” అన్నారు. ఫోను పెట్టకుండానే బయల్దేరినట్టున్నారు. చెప్పుల చప్పుడు మట్టి మీద కాసేపు మెత్తగా వినబడి, వంతెన మీదికి రాగానే మారింది.