తెరిచి పెడితే తెరిచే ఉండే పుస్తకం

సోఫాలక్క నోట్లో మేకులున్నంతసేపే ఆ ఇంట్లో ప్రశాంతత. అవి అయిపోతే మాట మొదలవుతుంది. ఒక్కో చిన్న మేకునీ నాలుకతో పెదాల అంచుకి తోసి, అయస్కాంతపు సుత్తితో అందుకుని, ఒక్క దెబ్బతో సోఫా చెక్కలోకి దించుతుంది. ముందుగదే ఆమె కొట్టు. కాళ్లు పైకెత్తి తిరగబడ్డ సోఫాలు, స్పాంజి దిమ్మలు, రెక్సిన్ చుట్టలు, వాటి మధ్య ఆమె. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె సోఫాలక్కే. తోడబుట్టిన తమ్ముడు కూడా వెక్కిరించాలనుకున్నప్పుడు అలాగే పిలిచేవాడు.

తమ్ముడు బోర్డులు రాసేవాడు. కొట్ల పేర్లు, బళ్ల మీద అంకెలు, గోడల మీద ప్రకటనలు. నిచ్చెనెక్కి, కుంచె ఎత్తకుండా గోడ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీత లాగుతుంటే, కింద నిలబడ్డవాళ్లు ఊపిరి బిగబట్టి చూసేవారు. అక్క పని మీద మాత్రం అతనికి పెద్ద గౌరవం లేదు. "జనం కూర్చునేదానికి అడుగున కూడా అంత కుట్టెందుకే? ఎవడు వంగి చూస్తాడు?" అనేవాడు.

నిరుడు పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయింది. నడక తిరిగొచ్చింది. మాట తిరిగొచ్చింది, మాటలోని దురుసు అంతకన్నా ముందే వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. సోఫాలక్క అతన్ని తన ఇంటికి తెచ్చుకుని, కొట్లో కిటికీ పక్కన పాత కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రోజూ ఎడమచేత్తో గీతలు సాధన చెయ్యమన్నాడు డాక్టరు. అతనికీ మిగిలిన ఆశ అదొక్కటే. ఆ ఆశకి అడ్డం పడింది నోటుపుస్తకం.

కొన్న పుస్తకం ఏదైనా తెరిచి వదిలితే మూసుకోవాలని చూస్తుంది. రెండు చేతులున్నవాడికి ఆ సంగతే తెలియదు. ఒక చెయ్యి అదిమి పెడుతుంది, ఇంకో చెయ్యి రాస్తుంది. ఇతనికి గీత సగంలో ఉండగా పేజీ లేచి వేళ్ల మీద పడేది. బరువు పెడితే ఆ బరువే గీతకి అడ్డం. విడికాగితాలు అట్టకి క్లిప్పు పెట్టి ఇస్తే, "నేనేమన్నా పరీక్ష రాయడానికొచ్చానా?" అని తోసేశాడు. ఒకనాడు పుస్తకాన్ని గోడకేసి కొట్టి, "ఇంక గీతల మాట నా దగ్గర ఎత్తకు" అన్నాడు.

సోఫాలక్క నోట్లో అప్పుడు మేకుల్లేవు. పుస్తకం తీసి, దాని వీపుని వేలితో తడిమి చూసింది.

"ఇదంతా జిగురేరా. మెడ పట్టేసినవాణ్ని వెల్లకిలా పడుకోమంటే ఎలా పడుకుంటాడు?"

"అయితే నువ్వు కుడతావా పుస్తకం?"

"కూర్చునేవి కుడుతున్నాగా. రాసుకునేవి కుట్టలేనా?"

సోఫాలక్క మొగుడు, అంటే తమ్ముడికి బావ, వ్యాను తోలుతాడు. ప్రెస్సులో సరుకు దింపినప్పుడు, మిగిలిపోయిన పెద్ద కాగితాలు అడిగి తెచ్చాడు. ఆమె వాటిని కోసి, మడిచి, మడతల్ని చెంచా వీపుతో రుద్ది, ఒకదానిలో ఒకటి దూర్చి చిన్న చిన్న కట్టలు చేసింది. ఆ కట్టల్ని దారంతోనే కలిపి కుట్టింది. జిగురు చుక్క కూడా వాడలేదు. అయినా తెరిచేసరికి పేజీలు కోపమొచ్చిన పిల్లి వెంట్రుకల్లా నిక్కబొడుచుకున్నాయి.

"అలవాటు ఎక్కడికి పోతుంది! లోపల స్ప్రింగులు పెట్టినట్టున్నావు" అని బావ పగలబడి నవ్వాడు.

"నువ్వెళ్లి ఆ వ్యాను కడుక్కో, పుణ్యముంటుంది."

ఆ మధ్యాహ్నం ఆమె పుస్తకాన్ని ముందేసుకుని కూర్చుంది. తమ్ముడు ఏమీ తోచక పాత పేపరు మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో పీలికలు చింపుతున్నాడు. కుంచెలు తుడుచుకోవడానికి ఏళ్ల తరబడి చేసిన పనే. నిలువుగా చింపితే పీలిక తిన్నగా వచ్చింది. అడ్డంగా చింపితే వంకర తిరిగి ఎటో పోయింది.

"ఆగు. మళ్లీ చింపు" అంది సోఫాలక్క.

చింపాడు. అదే వరస. ఆమె లేచి, ప్రెస్సు కాగితం ముక్కొకటి తీసి ఒకవైపు నీళ్లతో తడిపి బల్ల మీద పెట్టింది. కాసేపటికి అది ఎవరో చెప్పినట్టు ఒక దిక్కుకే చుట్టుకుంది. ముక్కని తిప్పి పెట్టినా చుట్ట తీరు మారలేదు.

"బట్టకి పడుగూ పేకా ఉన్నట్టే దీనికీ ఒక వాలుందిరా! సోఫాకి బట్ట అడ్డం వేస్తే నెల తిరక్కుండా ముడతలు పడుతుంది. నేను కాగితాన్ని దాని వాలుకి ఎదురు మడిచా. అందుకే నామీద తిరగబడింది."

తమ్ముడు చేతిలోని పీలికని వెలుగుకి పట్టి చూశాడు. ఎన్ని వేల కాగితాలు చింపి పారేశాడో! ఆ తెల్లటి, మూగ వస్తువుకి తనదైన ఒక దిక్కు ఉందని ఒక్కనాడూ తోచలేదు.

రెండో పుస్తకం కుడుతున్నప్పుడు అతను కళ్లు తిప్పలేదు. దారాన్ని మైనం ముద్ద మీదుగా లాగిందామె. సోఫా మూలలకి వాడే వంకర సూది మడత లోపలినుంచి వీపు మీదికొచ్చింది, కింది కట్ట కుట్టు వెనకనుంచి తిరిగింది, దాన్ని మెలేసి పట్టుకుని మళ్లీ లోపలికెళ్లింది. ఆమె సూదిని చూడటమే లేదు. దారాన్ని పైకి గుంజకుండా మడత వెంబడే లాగుతోంది. ఒక్కో కట్టా చేరేకొద్దీ వీపు మీద సన్నటి జడలు పెరుగుతున్నాయి. ఏ కుట్టూ ఇంకోదానికన్నా పెద్దది కాదు, చిన్నది కాదు.

అతను ఎందుకో పక్కకి చూశాడు. చేతికందే దూరంలో ఒక సోఫా తిరగబడి ఉంది. దాని అడుగున, గచ్చు తప్ప ఇంకెవరూ చూడని చోట, అవే కుట్లు, అదే తీరులో, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిన్నగా ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆమె గీస్తున్నవీ గీతలేనని అతనికి అప్పుడు తెలిసింది. అతని గీతల కింద జనం గుమిగూడారు. వీటి మీద జనం కూర్చున్నారు.

ముదురు ఎరుపు రెక్సిన్ ముక్కతో అట్టలు తొడిగి, ఆమె పుస్తకాన్ని అతని ముందున్న చెక్క పలక మీద పెట్టింది. మధ్యకి తెరిచి చేతులు తీసేసింది.

పుస్తకం కదల్లేదు. నిద్రపోతున్న పసిపిల్ల చేతుల్లా రెండు పేజీలూ చెరోవైపు వాలి పడుకున్నాయి. ఇంకోచోట తెరిచాడు. పడుకుంది. మొదట్లో, చివర్లో, ఎక్కడ తెరిచినా పడుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. పేజీ అంచు ఒక్కసారి వణికి ఊరుకుంది. గుమ్మంలోకొచ్చిన బావ అక్కడే నిలబడిపోయాడు.

తమ్ముడు ఎడమచేత్తో కుంచె తీశాడు. ఎడమ పేజీ అంచున ఆనించి గీత మొదలుపెట్టాడు. గీత వణికింది, కిందికి జారింది, సర్దుకుంది. నడిమి మడత దగ్గరికొచ్చింది. సోఫాలక్క ఊపిరి బిగబట్టింది. కుంచె మడత మీదుగా, అక్కడ మడతే లేనట్టు, అవతలి పేజీలోకి దాటి చివరిదాకా వెళ్లింది.

"వంకరగా ఉంది" అందామె.

"వంకర నాది. మడత చూడు, మడత! ఎక్కడైనా గతుకు తగిలిందా?"

ఆమె గుప్పెడు మేకులు తీసి నోట్లో పోసుకుని, సుత్తి అందుకుని అటు తిరిగింది.

"ఏయ్ సోఫాలక్కా! ఇంకోటి కుట్టు. ఇది చాలదు. వెడల్పుగా కావాలి."

ఎంత అన్నట్టు కనుబొమలెత్తిందామె. అతను ఎడమచెయ్యి నిలువుగా గాల్లో పెట్టాడు. రెండో అంచు చూపించడానికి ఇంకో చెయ్యి లేవలేదు. సోఫాలక్క సుత్తి పక్కన పెట్టి వచ్చి, అతని చేతికి ఎదురుగా తన చెయ్యి నిలబెట్టింది.

"ఇంకాస్త జరుపు."

జరిపింది.

"ఇంకా."