బాబాయిగారు చేపైన రోజు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున పక్కవీధి పిన్నిగారు ఫోన్ చేశారు. “మీ బాబాయి తెల్లవారుజామున నిద్రలోనే పోయారమ్మాయ్,” అన్నారు. తర్వాత ఆవిడ ముక్కు చీదుకుని, “ఆ పొడుగు గాలం కర్ర నీకే ఇవ్వమని ఎప్పుడో చెప్పారు. నేను దాన్ని ముట్టుకోను. నువ్వే వచ్చి తీసుకెళ్ళు,” అన్నారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

ఆయన నాకు చుట్టం కాదు. ఇక్కడ అమెరికాలో, మా ఫ్రిస్కో ఊళ్ళో మనవాళ్ళకు ఆయన రిటైరైన ఎముకల డాక్టరుగా తెలుసు. విరిగిన చేతులు ఎంత బాగా అతికించేవారో మీరే చెబుతారు. నాకు తెలిసింది చెరువు గట్టు మీది మనిషి. ఆ సంగతే రాస్తాను. ఏడో తరగతితో చదువు ఆపినదాన్ని, తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

పెళ్ళై ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఉన్న ఒక్క కారూ తీసుకుని మా ఆయన ఆఫీసుకు వెళ్ళిపోయేవారు. నేను ఇళ్ళ వెనకున్న చెరువు చుట్టూ నడిచేదాన్ని. ఎదురొచ్చినవాళ్ళు ‘హాయ్’ అంటే తిరిగి అనాల్సి వస్తుందని ముందే దారి వదిలి గడ్డిలోకి దిగిపోయేదాన్ని. ఒకరోజు అలా దిగి, మడత కుర్చీలో కూర్చున్న ఆయన మీద పడబోయాను.

“తెలుగమ్మాయివేనా? ఏ ఊరు?” అన్నారు.

“కొల్లేరు దగ్గర,” అన్నాను. ఆ నెలంతా నేను ఆయనతో అన్నవి ఆ రెండు మాటలే.

“నువ్వు మాట్లాడక్కర్లేదమ్మా. చేపలకు అదే ఇష్టం,” అని మర్నాడు ఇంకో మడత కుర్చీ తెచ్చి వేశారు. ఆ కుర్చీలో కూర్చునే గంట కోసమే నాకు తెల్లవారేది.

ఆయన పట్టాలనుకున్నది బాస్ అనే చేప. చెరువు సగం కలువాకులు, నాచు. ఆ నీడలోనే దాని కాపురం. బాబాయిగారు ఆకుల మీదికి రబ్బరు కప్పను విసిరి గెంతించేవారు. చేప భళ్ళున లేచి మింగేది. ఈయన చేతిలోని సన్న కర్ర గాజులా గుండ్రంగా వంగిపోయేది. అది అలా వంగేలోపు చేప నాచులోకి దూరి, దారాన్ని కాడలకు చుట్టి, తెంపుకుని పోయేది. అలాంటి సన్న కర్రలే ఆయన దగ్గర ఐదున్నాయి. “వంగేది విరగదమ్మా. పసిపిల్లల ఎముకలు చూడు,” అనేవారు. నలభై ఏళ్ళ వైద్యం ఆయన చేత ఐదుసార్లూ తప్పు కర్రే కొనిపించింది.

పిన్నిగారికి చేప పేరు కూడా పడదు. ఆయన రిటైరైనప్పట్నుంచీ మూడేళ్ళు చూసి ఒకరోజు తేల్చేశారు. “శనివారం గరాజ్ సేల్ పెడుతున్నా. ఈలోగా ఒక్క చేపనైనా పట్టారా సరే. లేదంటే కర్రలూ, కుర్చీలూ, ఆ కప్పలూ అన్నీ అమ్మకానికి బయట పెట్టేస్తా!”

బాబాయిగారు ఈ మాట నాకు నవ్వుతూనే చెప్పారు. కానీ ఆ రోజు కప్పను విసరలేదు. కుర్చీలు కూడా పోతాయన్న మాట నా మనసులో గుచ్చుకుంది. అందుకే నోరు విప్పాను.

“తప్పు కర్రది, బాబాయిగారూ.”

ఎవరన్నారా అని ఆయన వెనక్కి తిరిగి చూశారు.

మా నాన్న నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్కలో కొరమేనును పట్టేవాడు. ఎర కప్పే, కాకపోతే ప్రాణమున్నది. కర్ర మాత్రం మనిషికంటే పొడుగు, లావు, కొస దగ్గర మాత్రమే కాస్త వంగేది. ఆకుల పైనుంచి దారం ఎత్తి పట్టాలంటే పొడుగు కావాలి. చేపను నాచు మోపుతో సహా లాక్కు రావాలంటే కర్ర నడుము వంగకూడదు. వెదురు ఎంచేటప్పుడు దారం నా నడుముకు కట్టి, “పరిగెత్తవే కొరమేనూ!” అనేవాడు. నన్ను ఆపగలిగిన కర్రే మా ఇంటికి వచ్చేది.

ఇది చెప్పేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన మాత్రం అప్పటికే కారు తాళాలు తీశారు.

గాలాలు, గుడారాలు, చలికోట్లు అన్నీ అమ్మే పెద్ద షాపులో గాలం కర్రలు వరసలుగా నిలబడి ఉన్నాయి. సాగని అల్లిక దారం తీసుకుని, ఒక కొస కర్రకు, రెండో కొస బాబాయిగారి బెల్టుకు కట్టాను. “నేను చిన్న చేపను కాదమ్మా, చూసుకో,” అని ఆయన గుడారాల వైపు నడక మొదలుపెట్టారు. మొదటి కర్ర వంగిపోతూనే ఉంటే, ఆయన బూట్ల వరస దాకా తప్పించుకున్నారు. రెండోదానికి వేలాడుతున్న కోట్ల వెనక దూరి, “ఇది నాచు!” అని అరిచారు.

టోపీ పెట్టుకున్న ఆరడుగుల షాపతను వచ్చి, “ఎవ్రీథింగ్ ఓకే, మేడమ్?” అన్నాడు.

పారిపోదామంటే చేతిలో కర్ర ఉంది, దాని కొసన డాక్టరుగారున్నారు. “హీ… ఫిష్,” అన్నాను. అమెరికాలో బయటివాళ్ళతో నేను మాట్లాడిన మొదటి మాట అది. అతను బుర్ర గీక్కుని, లోపలి వరస నుంచి ఏడడుగులు దాటిన ఒక కర్ర తెచ్చిచ్చాడు. లాగాను. బాబాయిగారు కోట్లతో సహా మూడంగల్లో వెనక్కి వచ్చి ఐస్ పెట్టె మీద కూలబడ్డారు.

“ఇదే!” అన్నారు, కింద నుంచి.

శుక్రవారం పొద్దున కప్ప పక్కన నీళ్ళు పేలాయి. “ఆగండి, మింగనివ్వండి… ఇప్పుడు!” అన్నాను. కర్ర నడుము వంచలేదు. గంపెడు నాచు ఒడ్డుకు వచ్చింది. అందులో రెండు జానల చేప. నేను మనసులో పులుసు పెట్టేశాను. ఆయన దాన్ని మెల్లగా నీళ్ళలోకి వదిలేశారు.

“అయ్యో, పులుసు!”

“ఇంత పోరాడిన పేషెంటును డిశ్చార్జ్ చెయ్యాలమ్మా.”

ఫోన్లు ఇళ్ళలో ఉన్నాయి, ఫోటో లేదు. పిన్నిగారు గుమ్మంలోనే ఆపేశారు. “చేపేదీ? వదిలేశారా? మంచి కథే!”

“ఈ అమ్మాయి చూసింది. అడుగు.”

“ఆ పిల్ల చెబితే నమ్ముతా. అబద్ధమాడాలన్నా నోరు తెరవాలిగా.”

తెరిచాను. కప్ప, ఆకులు, నాచు, షాపు, బెల్టు, కోట్లు అన్నీ చెప్పాను. పది నిమిషాలు ఆగలేదు. చేప ఎంత ఉందో చూపించడానికి రెండు చేతులూ బారగా చాపాను. బాబాయిగారు వెనకనుంచి, “కొంచెం తగ్గించమ్మా,” అని గొణిగారు. పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళి మూడు కాఫీలు తెచ్చారు. గరాజ్ సేల్‌లో పాత సూట్‌కేసులు మాత్రమే పెట్టారు.

కర్మకాండలన్నీ అయ్యాక నిన్న ఆ కర్ర తెచ్చుకోవడానికి వెళ్ళాను. సన్న కర్రలు ఐదూ గోడకు అలాగే ఉన్నాయి. పొడుగుది భుజాన వేసుకుని చెరువు వైపు తిరిగేసరికి, పిన్నిగారు మడత కుర్చీ చంకన పెట్టుకుని వెంట వచ్చారు. గట్టు మీద కుర్చీ వేసి, చేప కంటబడకుండా నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నారు.

కప్పను విసిరాను. కలువాకు మీద పడి, అలాగే కూర్చుంది.

“పడిందా?” అన్నారు పిన్నిగారు, ఇళ్ళ వైపే చూస్తూ.

“ఇంకా లేదు పిన్నీ.”

“పడితే చెప్పు. ఎంతుందో చేతులతో చూపించు, చాలు.”