దేవుళ్లు జల్లిన గడ్డి

నాతవరం పక్క పల్లెల్లో వరి నారుకి ఆకుమడి జల్లాలంటే తొలి గుప్పెడు విత్తనం దేవుళ్లు అనే రైతు చేత వేయించాల్సిందే. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. అతను జల్లిన మడి పలచబడిందని విన్నవాళ్లు లేరు, అంతే. కౌలు పొలం చెయ్యి జారిపోయి, యాభై దాటాక నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూలు గ్రౌండు కాపలాకి కుదిరాడు. అయినా ఏటా ఆషాఢంలో బావమరిది సింగన్న కబురు పెట్టేవాడు. దేవుళ్లు ఆటో ఎక్కి వెళ్లి గుప్పెడు జల్లి వచ్చేవాడు. పొలం పోయినా ఆ గుప్పెడు మిగిలిందని అతని గర్వం. పాపం, ఆ గర్వమే కొంప ముంచింది.

నవంబరులో స్కూలు యజమాని ఈశ్వరరావు గారికి గ్రౌండంతా పచ్చగా ఉండాలన్న కోరిక పుట్టింది. విశాఖ నుంచి రెండు రకాల గడ్డి విత్తనాలు నమూనాకి తెప్పించారు. ఒకటి రై గడ్డి, చూడటానికి వడ్లగింజకి చెల్లెల్లా ఉంది. రెండోది బెర్ముడా, గసగసాలంత సన్నం.

"నీ చెయ్యి మంచిదంటారుగా దేవుళ్లూ, ఏది కొనాలో నువ్వే తేల్చు" అన్నారు.

దేవుళ్లు వడ్లకి పెట్టే పరీక్షే పెట్టాడు. రెండింటినీ ఒక రాత్రి నానబెట్టి, తడి గోనెల్లో కట్టి, పైన రాయి పెట్టాడు. ఐదో రోజుకి రై గడ్డి తెల్లగా మొలకెత్తింది. తొమ్మిదో రోజుకీ బెర్ముడా ఉలకలేదు, పలకలేదు.

ఆటల టీచరు సత్యశ్రీ గోనె విప్పి చూసింది. "ఇది ఆలస్యంగానే మొలుస్తుంది బాబాయ్. కానీ ఎండకి ఆగేది ఇదే. రై చలికాలం గడ్డి. ఇంకో పది రోజులు చూద్దాం."

"ఏటమ్మా, ఇత్తనం గురించి నాకే సెప్తావా? వారం నాటికి మొలక రాకపోతే అది తాలు. బేగి మొలిసిందే బతుకుద్ది."

అంత పెద్దవాడి ఎదుట ఆ పిల్ల ఎంతని వాదిస్తుంది?

రై గడ్డి బస్తాలు దిగాయి. దేవుళ్లు చెప్పులు విడిచి, ముందు తూర్పు పడమరలుగా, ఆపైన ఉత్తర దక్షిణాలుగా గ్రౌండంతా జల్లాడు. వారానికే పచ్చదనం తేలింది. జనవరి పోటీలకి వచ్చిన తల్లిదండ్రులు ఆ గడ్డి మీద కూర్చుని ఫొటోలు తీయించుకున్నారు. ఆ నెలంతా దేవుళ్లు కాలు నేల మీద ఆనలేదు.

మార్చి సగానికి కొనలు పసుపు తిరిగాయి. రెండు పూటలా తడిపాడు, తర్వాత మూడు పూటలా తడిపాడు. ఏప్రిల్లో లాగి చూస్తే గడ్డి వేళ్లతో సహా చేతికొచ్చింది. మే నెల శిబిరంలో ఖోఖో ఆడుతున్న పిల్ల ఆ బోడినేల మీద పడి మోకాలు చీరుకుంది. దేవుళ్లే ఎత్తుకెళ్లి కుళాయి కింద కడిగాడు. పక్కనే నిలబడ్డ సత్యశ్రీ దూది, మందు అందించింది. నాలుగు తిట్టినా బాగుండునని అతనికి ఏడుపొచ్చింది.

"నీ చెయ్యి నమ్మాను చూడు, నన్ననాలి" అన్నారు ఈశ్వరరావు గారు, అందరూ వింటుండగా.

నర్సీపట్నంలో అన్న మాట నాతవరం చేరడానికి ఒక షేరు ఆటో చాలు. ఆషాఢంలో ఫోను దేవుళ్లు భార్య కామమ్మకి వచ్చింది.

"అప్పా, ఈపాలి నువ్వొచ్చి జల్లు. బావనీ తీసుకురా, గట్టు మీద కూసుంటాడు" అన్నాడు సింగన్న అక్కతో.

"నానేల జల్లుతాను? రానని సెప్పేత్తాను" అంది కామమ్మ ఫోను చేత్తో మూసి, మొగుడి మొహం చూడలేక.

"ఇత్తనం మొలకొచ్చేసుంటాది. అది మన కోసం ఆగదు. పద" అన్నాడు దేవుళ్లు.

కామమ్మ ఎన్నో ఊడ్పులు ఊడ్చింది గాని ఏనాడూ విత్తనం జల్లలేదు. మడిలో దిగి గుప్పెడు విసిరింది. గింజలన్నీ ఒకేచోట ముద్దగా పడ్డాయి.

"పర్లేదప్పా, బాగానే పడ్డాయి" అన్నాడు సింగన్న.

ఆ ముద్ద చూస్తూ ఊరుకోలేక, చేత్తో సర్దుదామని దేవుళ్లు గట్టు దిగబోయాడు.

"నువ్వుండు బావా" అని సింగన్న చెయ్యి అడ్డం పెట్టాడు.