కారుకి కోసిన చెప్పులు

ఇవాళ క్వారీలో నా చేత్తో నేనే ఒక పాడు పని చేశాను. మా దగ్గర అరిగిపోయిన లారీ టైర్లని ఏడాదికోసారి కూలోళ్ళకి చెప్పులుగా కోసిస్తాం. కోసేది నేనే. పొద్దున కత్తికి సాన పడతంటే ఓనరుగారబ్బాయి మద్రాసు నుంచి తెచ్చిన ఎర్ర స్పోర్ట్సు కారేసుకొచ్చాడు. మా దారిలో కంకర ఎగిరి మడ్గార్డుల లోపలి రేకు సొట్టలు పడతందంట. ఆ టైర్ల రబ్బరు పల్చగా చీల్చి లోపలంతా అతికించమన్నాడు.

చెప్పుల కోసం వచ్చి ముందు నిలబడ్డ మరియమ్మక్క, "అయ్యా, అయి మా చెప్పులకండీ. కాళ్ళు కోసుకుపోతన్నయి," అంది.

"నీ కాలు నాలుగు రోజుల్లో మానుద్ది. దీని రేకు మానుద్దా?" అన్నాడు.

నేను ఆ రబ్బరంతా చీల్చి అతికించాను. కారు కదలగానే వెనక చక్రం ఎగరేసిన రాయి మరియమ్మక్క మోకాలికి తగిలి రక్తం కారింది. అతను బండాపి దిగాడు. వంగి రేకు తడిమి చూసుకుని, "బాగా అతికించావయ్యా," అని నన్ను మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

మీరైతే కత్తి అవతల పారేసేవాళ్ళా? కంకర మీద వట్టి కాళ్ళతో నిలబడి మాట్లాడండి.